పాస్‌వర్డ్ వేళ తెర ఎవరిది?

దూరసహాయం, అంటే ఒక చోట కూర్చున్న సాంకేతిక సిబ్బంది వేరొక ఊరిలోనో దేశంలోనో ఉన్న వినియోగదారుని కంప్యూటర్ తెరను చూస్తూ, అతని అనుమతితో మౌస్‌నూ కీబోర్డునూ తామే నడిపి చిక్కు విప్పే పద్ధతి, హైదరాబాదులోని సపోర్ట్ కేంద్రాలకు నిత్యకృత్యం. ఆ పని మధ్యలో పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చినప్పుడు, అప్పటిదాకా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తెర కొద్ది సెకన్లపాటు ఒక్కరిదే కావాలి.

ఈ అవసరం కొత్తది కాదు. 1960లలో అమెరికాలోని ఎంఐటీలో ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనేందుకు నిర్మించిన సీటీఎస్ఎస్ వ్యవస్థలో టైప్ చేసినదంతా కాగితంపై అచ్చయ్యేది కనుక, పాస్‌వర్డ్ కొట్టేంతసేపు ఆ అచ్చు పడకుండా ఏర్పాటు చేశారు. పాస్‌వర్డ్ పెట్టెలో అక్షరాలకు బదులు కనిపించే నేటి నల్లచుక్కలు ఆ ఏర్పాటుకు వారసులే. అయితే అవి వెనుక నిలబడి చూసేవారిని దృష్టిలో పెట్టుకొని పుట్టినవే తప్ప, తెరలో పాలుపంచుకొనే రెండో మనిషిని ఊహించి పుట్టినవి కావు. టైప్ చేసినది సరిచూసుకొనే వీలు ఉండాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాలలో సూచించింది. ఆ వీలు కల్పిస్తూ ఒంటరిగా కూర్చున్నవారికి మేలు చేసే కన్నుగుర్తే, తెర పంచుకున్న వేళ నొక్కితే రహస్యాన్ని అవతలివారి ముందు పరుస్తుంది. సెషన్ రికార్డవుతూ ఉంటే ఆ దృశ్యం దస్త్రంగా కూడా మిగిలిపోతుంది. కాపీ చేసిన పాఠాన్ని రెండు యంత్రాలకూ అందించే ఉమ్మడి క్లిప్‌బోర్డు సంగతీ అంతే.

విండోస్ ఈ చిక్కుకు ఇచ్చిన సమాధానం శ్రద్ధగా గమనించదగినది. విస్టాతో వచ్చిన యూఏసీ, అంటే యంత్రంలో కీలకమైన మార్పుకు ముందు అనుమతి కోరే ఏర్పాటు, తన ప్రశ్నను సెక్యూర్ డెస్క్‌టాప్ అనే విడి తెరపై అడుగుతుంది. మామూలు ప్రోగ్రాములు ఆ తెరను చూడలేవు, అందులో టైప్ చేయలేవు. అందువల్లనే క్విక్ అసిస్ట్ వంటి సాధనంతో సహాయం చేస్తున్నవారికి ఆ సమయంలో సాధారణంగా నల్లని తెర కనిపిస్తుంది. దీనిని లోపంగా భావించి, పని ఆగుతోందన్న కారణంతో సెక్యూర్ డెస్క్‌టాప్‌నే తీసివేసే సంస్థలు ఉన్నాయి. నిజానికి ఆ నలుపు సిబ్బందికి కూడా రక్షణే. ఖాతాలో తరువాత ఏ అవకతవక జరిగినా, పాస్‌వర్డ్‌ను ఎన్నడూ చూడని మనిషిపై అనుమానం నిలవడం కష్టం. ఫోనులో చెప్పించుకొని తామే కొట్టినవారికి ఆ భరోసా లేదు. పాస్‌వర్డ్ మరచిపోయిన సందర్భంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది కనుక, సిబ్బంది తాత్కాలికమైనది ఇచ్చినా, తదుపరి లాగిన్‌లో దానిని తప్పక మార్చుకోవాలన్న గడిని టిక్ చేసి ఇవ్వడం సరైన పద్ధతి.

విడి తెర రాని చోట, మామూలు వెబ్ పేజీలో లాగిన్ అయ్యేటప్పుడు, తెర పంచుకోవడాన్ని కాసేపు ఆపమని వినియోగదారునికి చెప్పి, నియంత్రణ వదిలి, అతడు పూర్తయిందనే వరకు వేచి ఉండవలసిన బాధ్యత సిబ్బందిదే. కాల్ సగటు వ్యవధిని బట్టి పనితనాన్ని కొలిచే చోట ఈ నిరీక్షణ జాప్యంగా నమోదై, పాస్‌వర్డ్ చెప్పేయమని అడిగే అలవాటుకు దారి తీస్తుంది కనుక, ఆ కొలతను నిర్ణయించే పర్యవేక్షకులు ఈ విరామాన్ని లెక్కలోంచి మినహాయించాలి.