చేతబడి నవల, యక్షుని వరం

ఇటీవలి ఆంగ్ల ఫాంటసీ నవలల్లో మంత్రగత్తె నాయికగా మారింది. ఆమె ప్రేమించేది మరో స్త్రీని కావచ్చు. తెలుగులో మంత్రవిద్యను నవలావస్తువుగా జనంలోకి విస్తృతంగా తీసుకెళ్లిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మార్గం వేరు. చిన్నారి తులసి బాధకు చేతబడినీ వైద్యకారణాన్నీ పక్కపక్కనే నిలిపి పాఠకుణ్ణి ఊగిసలాడించడం కథనపరంగా బలమే. అయితే బాణామతి చేశారన్న అనుమానంతోనే మనుషులను చంపిన తెలంగాణ పల్లెల నుంచి చదివితే ఆ ఊగిసలాట ఇబ్బంది పెడుతుంది. 

లింగ పరివర్తన విషయంలో ప్రాచీన కావ్యమే ఉదారం. తిక్కన ఉద్యోగపర్వంలోని అంబోపాఖ్యానంలో స్థూణాకర్ణుడనే యక్షుడు శిఖండినికి తన పురుషత్వాన్ని కొంతకాలానికి ఇచ్చి, ఆమె స్త్రీత్వాన్ని తాను ధరిస్తాడు. కుబేరుని శాపం వల్ల ఆ గడువు శిఖండి మరణం దాకా సాగింది. స్త్రీరూపంలో మిగిలిన యక్షుడు ఆ ఏళ్లను ఎలా గడిపాడో కథ చెప్పదు. నేటి నవలకు అక్కడ చోటుంది.