ముందు ఎత్తు, వెనక బరువు

మయన్మార్‌లోని యాంగోన్ నగరంలో మోటార్‌సైకిళ్ళను 2003లో నిషేధించారు. కానీ పాన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కి నది దాటి డాలాలో దిగితే కిరాయి మోటార్‌సైకిళ్ళు ఎదురవుతాయి.

కిరాయి బండి అంటేనే వెనక ఇంకో మనిషి, ఒళ్ళో సంచి. ఆ బరువుకి వెనక షాకాబ్జర్ కుంగుతుంది, ముందు ఫోర్కు తేలిపోతుంది. ఫోర్కు వాలు పెరిగి బండి మలుపులో బయటికి లాగుతుంది, హ్యాండిల్ మొండికేస్తుంది. చాలామంది టైరునో కోన్‌సెట్‌నో తిడతారు. నిజానికి తప్పినది ఎత్తుల లెక్క. బండి కావడి లాంటిది: ఒక కొస దిగితే రెండోదీ మారుతుంది.

ఫోర్కు కడ్డీలను టీల్లో (వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో) పైకి జరిపితే బండి ముందుభాగం దిగుతుంది, ఫోర్కు నిటారవుతుంది, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. ఇరుసుల మధ్య దూరం 1300 మి.మీ. ఉన్న బండిని ముందు 10 మి.మీ. దించితే వాలు దాదాపు అర డిగ్రీ తగ్గుతుంది. చెప్పుకోడానికి అర డిగ్రీయే, చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది. అతిగా దించితే వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. అందుకే ఒకసారికి 5 మి.మీ. మించకూడదు.

ఫోర్కు జోలికి పోయేముందు వెనక స్ప్రింగు చూడాలి. దాని కాలర్‌ని ఒక మెట్టు బిగించి, ఎప్పుడూ ఎక్కే బరువుతోనే నడిపి చూడండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. తర్వాత ఫోర్కు ఆయిల్. పాతబడి పలచనైతే బ్రేకు కొట్టగానే ముందుభాగం మునిగిపోతుంది, ఎత్తు ఎంత మార్చినా ఫలితం ఉండదు. ఫోర్కు కడ్డీకి సన్నటి ప్లాస్టిక్ టై బిగించి నడపండి. అది ఎంత దూరం జరిగిందో చూస్తే ఫోర్కు ఎంత పని చేస్తోందో కళ్ళకు కడుతుంది.

ఇక ఎత్తు మార్చడం. డబుల్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద జాకీ పెట్టి, ముందు చక్రం నేలను అంటీ అంటనట్టు ఉంచాలి. రెండు పక్కలా టీ బోల్టులు వదులు చేసి జాకీని మెల్లగా దించితే టీలు కడ్డీల మీద జారతాయి. పైకి తేలిన కొసలను వెర్నియర్‌తో కొలవాలి, రెండూ ఒకే కొలత రావాలి. తేడా వస్తే ఇరుసు బిగుసుకుపోతుంది. బోల్టులను మాన్యువల్లో చెప్పినంత బిగించాలి, బలంకొద్దీ బిగిస్తే కడ్డీ నొక్కుకుపోతుంది. ఫోర్కు పూర్తిగా మునిగినప్పుడు మడ్‌గార్డు కింది టీకి తగలకూడదు, కేబుళ్ళు లాగకూడదు.

హోండా వేవ్ తరహా బళ్ళలో చాలావాటికి బోల్టు కూర్చునే గాడి కడ్డీ మీదే ఉంటుంది, కాబట్టి ఎత్తు మార్చే వీలుండదు. వాటికి వెనక స్ప్రింగు, ముందు ఆయిల్, టైరు గాలి, ఇంతే. గాడి అరగదీసి జరిపేవాళ్ళను నమ్మకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఆయిల్‌తో కుదుపును అణిచే ఫోర్కును 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 బండితో అమ్మకానికి తెచ్చింది. ఆ ఫోర్కు పనితీరు నేటికీ అదే. మీరు పానా పట్టేముందు ఇప్పుడున్న కొలతలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కొత్త ఎత్తు నచ్చకపోతే అదే మీకు దారి.