లేనిది లేదని రాసిన పేజీ

డేటాబేస్ పని కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్‌లోని ఒక చిన్న పేజీ చదవమంటాను. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్ ఏం చేయలేదో చెప్పడమే ఆ పేజీ పని. అనుమతులిచ్చే గ్రాంట్, వాటిని వెనక్కి తీసుకునే రివోక్ కమాండ్లు ఎందుకు లేవు? ఎస్‌క్యూలైట్ చదివేదీ రాసేదీ డిస్కు మీది మామూలు ఫైలునే, కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఫైలు అనుమతులే ఇక్కడ చెల్లుతాయి. వ్యూలోకి నేరుగా రాయడం కుదరదని చెప్పి, ఆ పని ట్రిగ్గర్‌తో ఎలా జరిపించుకోవచ్చో అక్కడే చెబుతారు. రైట్ జాయిన్, ఫుల్ జాయిన్ ఏళ్ళ తరబడి ఈ జాబితాలో ఉండి, 2022లో 3.39.0 వచ్చాక బయటపడ్డాయి.

అసలు లేని ఫీచర్‌తో అంత భయం లేదు. వాడగానే ఎర్రర్ వస్తుంది, సంగతి తెలిసిపోతుంది. సగం ఉన్నదానితోనే ముప్పు. రాసింది ఒప్పుకుంటుంది, పని మాత్రం చేయదు. అదే డాక్యుమెంటేషన్‌లో ఫారిన్ కీల (ఒక టేబుల్లో వేసిన విలువ ఇంకో టేబుల్లో ఉండి తీరాలనే నియమాల) పేజీలో ఈ ముప్పును పట్టుకున్న తీరు నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. మ్యాచ్ అనే క్లాజు సంగతే చూడండి. 'సపోర్ట్ లేదు' అని రాసి వదిలేయలేదు. మీరు ఆ క్లాజు రాస్తే ఎర్రర్ రాదు, కానీ అది అమలు కాదు, ఏది రాసినా మ్యాచ్ సింపుల్ అని రాసినట్టే నడుస్తుంది అని విడమరిచారు. ఆ మూడో ముక్క రాయాలంటే, చదివేవాడు రేపు ఎక్కడ దెబ్బ తింటాడో ముందే ఊహించి ఉండాలి.

ఫారిన్ కీల కథా ఇలాంటిదే. 2009లో 3.6.19 వచ్చేదాకా ఎస్‌క్యూలైట్ వాటిని చదివి గుర్తుపెట్టుకునేదే తప్ప అమలు చేసేది కాదు. అసలు లేని కస్టమర్ నంబరును ఆర్డర్ల టేబుల్లో వేసినా కిమ్మనేది కాదు. ఇప్పటికీ మామూలుగా ఆ తనిఖీ ఆపేసే ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ మనమే ఆన్ చేసుకోవాలి. మీ దగ్గరున్న కాపీ సంగతి తేల్చుకునే దారీ ఆ ఫారిన్ కీల పేజీలోనే ఉంది: ప్రాగ్మా ఫారిన్‌_కీస్ అని అడగండి. 1 వస్తే తనిఖీ నడుస్తోంది, 0 వస్తే ఆపి ఉంది. జవాబే రాకపోతే, మీ కాపీలో ఫారిన్ కీలకు సపోర్టే లేదు.