పొద్దుటి కసరత్తుకు ముందు ముంతెడు అంబలి

తెల్లవారుజామున ఒళ్లు వంచి పనిచేసే మనిషి పనిలోకి దిగే ముందు ఏం తాగాలన్న ప్రశ్నకు తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఉన్న జవాబు అంబలి. ఎండ ఎక్కకముందే నాలుగు సాళ్లు దున్నేయాలని చీకటితోనే అరక కట్టే రైతు ముంతెడు అంబలి తాగి కదిలేవాడు. కడుపు నిండా తినడం ఆ వేళకు పెట్టుకునేవాడు కాదు. పొద్దెక్కాక చేలోకి చద్దిమూట వచ్చేది. సంగటి ముద్దయినా, జొన్నరొట్టె అయినా మధ్యాహ్నానికే. తెల్లారగట్ల పలుచన, పొద్దెక్కేకొద్దీ చిక్కన అనే ఈ వరుసలోనే అసలు నేర్పంతా ఉంది. ఐదింటికే లేచి పార్కుకో జిమ్ముకో బయల్దేరే నేటివాళ్లకు కూడా ఇదే వరుస సరిపోతుంది.

రాయలసీమలో రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు అని పిలిచే ధాన్యమే అంబలికి ముఖ్యం. తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో పుట్టి, వేల ఏళ్ల కిందటే ఇక్కడికి చేరిన పంట ఇది. జొన్నతో, సజ్జతో కాచే అంబలీ ఉంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం, 7 గ్రాముల మాంసకృత్తులు, 11 గ్రాముల పీచు ఉంటాయి. కొవ్వు 2 గ్రాములకు మించదు. కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములైనా ఉండదు.

రాత్రి తొమ్మిదికి భోంచేసి ఐదింటికి లేచిన ఒంటికి ఎనిమిది గంటల ఉపవాసం జరిగినట్టే. కాలేయం దాచుకునే గ్లైకోజెన్ మొత్తం సుమారు వంద గ్రాములు. నిద్రలో కూడా మెదడుకు చక్కెర అందాలి కాబట్టి తెల్లారేసరికి అందులో చాలా భాగం తరిగిపోతుంది. కండరాల్లోని నిల్వ మాత్రం దాదాపు అలాగే మిగులుతుంది. కాబట్టి అరగంట నడకకు ముందు ఏదో ఒకటి తినాల్సిందేనన్న మాటలో పస లేదు, గ్లాసుడు నీళ్లు తాగితే చాలు. గంట దాటే పరుగు, దండీలు, బస్కీలు, బరువులెత్తడం వేరే లెక్క. అక్కడ కాలేయం చేతులెత్తేస్తే కళ్లు తిరుగుతాయి, కాళ్లు పీకుతాయి. ఊపిరితో, చెమటతో, మూత్రంతో రాత్రంతా నీరు కూడా పోయి ఉంటుంది. ఆ వేళ ఒంటికి కావలసినవి నీళ్లు, చిటికెడు ఉప్పు, తేలిగ్గా అరిగే కాస్త పిండి. కొవ్వు ఎక్కువైనా పీచు ఎక్కువైనా తిన్నది కడుపులోంచి త్వరగా కదలదు. రాగుల్లో పీచు తక్కువేమీ కాదు గనుక పిండి కొద్దిగా, నీళ్లు ఎక్కువగా ఉండాలి. మజ్జిగ కలిపిన పలుచటి అంబలి ఈ అవసరాలన్నిటినీ ఒక్క ముంతలో తీరుస్తుంది.

మంచి అంబలి పిండి దగ్గరే మొదలవుతుంది. రాగులు కడిగి, ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వార్చి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలక కనిపిస్తుంది. వాటిని నీడన ఆరబెట్టి, సన్నటి సెగమీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మరపట్టించాలి. మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడతాయి. అందుకే మొలకపిండితో కాచిన జావ మామూలు పిండితో కాచినంత చిక్కబడదు. పెద్ద మంట మీద మాడిస్తే ఈ గుణం పోతుంది. మొలక కట్టే తీరిక లేకపోతే మామూలు పిండీ పనికొస్తుంది, నీళ్లు మరికాస్త పట్టాలి.

ఒక మనిషికి రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 20 గ్రాముల పిండి చాలు. దాన్ని అరగ్లాసు నీళ్లలో జారుగా కలిపి, మట్టికుండలోనో గాజు గిన్నెలోనో మూతపెట్టి పులియనివ్వాలి. వేసవిలో ఎనిమిది పది గంటలు చాలు, చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. పుల్లటి వాసన, మీద చిన్న చిన్న బుడగలు వస్తే పులిసినట్టు గుర్తు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో తరవాణి కుండ ఉన్న ఇళ్లలో నీళ్లకు బదులు ఆ పుల్లటి తేటనే వాడే పద్ధతి ఉంది. పులిసేటప్పుడు పెరిగే లాక్టిక్ బ్యాక్టీరియా, గింజలో ఇనుమును, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లను తగ్గిస్తుంది. గింజలోని ఖనిజాలు ఒంటికి పట్టడానికి ఈ పులుపు తోడ్పడుతుందన్నమాట. బూజు కనిపించినా, కుళ్లు వాసన తగిలినా మొహమాటం లేకుండా పారబోయాలి.

సాయంత్రం పొయ్యి మీద గ్లాసు నీళ్లు ఎసరు పెట్టి, తెర్లుతుండగా పులిసిన పిండిని సన్నధారగా పోస్తూ, తెడ్డు ఆపకుండా తిప్పాలి. పొడిపిండిని నేరుగా ఎసట్లో వేస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండల లోపల పిండి పచ్చిగానే మిగిలి పొద్దున కడుపు ఉబ్బరిస్తుంది. మంట తగ్గించి పది పదిహేను నిమిషాలు ఉడికిస్తే పచ్చివాసన పోతుంది, రంగు ముదురుతుంది, అంబలి తెడ్డుకు పూతలా అంటి జారుతుంది. రాత్రి చల్లారేకొద్దీ అది గట్టిపడుతుంది. పొద్దున అరగ్లాసు పలుచటి మజ్జిగ, చిటికెడు ఉప్పు వేసి చేత్తోనో కవ్వంతోనో కలిపితే మళ్లీ విడిపోతుంది. ముంత వంచితే తెగకుండా ధారగా పడాలి. ముద్దలుగా జారితే ఇంకొంచెం నీళ్లు పోయాలి. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడన్న సామెత పుట్టిందే దాన్ని మూతిపెట్టి తాగుతారు కాబట్టి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకోవడం పల్లె అలవాటే అయినా, గెంతులు, పరుగులు ఉన్న కసరత్తుకు ముందు మిర్చి మానడం మేలు, గుండెల్లో మంట పుడుతుంది.

ఈ గ్లాసులో సుమారు 13 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. శక్తి, మజ్జిగది పక్కన పెడితే, 65 కిలోకేలరీల లోపే. గంట లోపు కసరత్తుకు ఇది ధారాళంగా సరిపోతుంది. గంటన్నర పరుగెత్తేవారు పిండిని రెట్టింపు చేసుకోవచ్చు, నీళ్లూ ఆ మేరకు పెంచాలి. తాగాక అరగంట నుంచి ముప్పావుగంట ఆగి ఒళ్లు కదిలించాలి. చిక్కటి జావ తాగితే గంటకు పైగా, సంగటి తింటే రెండు మూడు గంటలు ఆగాల్సి ఉంటుంది. ఆ తేడా తెలియకనే చాలామంది రాగులు తమకు పడవని వదిలేస్తుంటారు. అలవాటు లేనివారు మొదటి వారం సగం గ్లాసుతో మొదలుపెట్టి ఒంటి తీరు చూసుకోవాలి.

మజ్జిగ సరిపడనివారు నిమ్మరసం పిండుకోవచ్చు. చలికాలంలో గోరువెచ్చగా తాగినా గుణం తగ్గదు. అంబలి కాచే వీలు లేని రోజు చిన్న అరటిపండు, గ్లాసు నీళ్లు దాదాపు అదే పని చేస్తాయి. కాఫీ అలవాటున్నవారు మానాల్సిన పని లేదు గానీ, ఒట్టి కాఫీ నీటి లోటుకు, తరిగిన చక్కెరకు జవాబు కాదు. తాలింఖానాల వస్తాదులకు ప్రియమైన పాలు, నెయ్యి, బాదం, నానబెట్టిన శనగలు కసరత్తు ముగిశాకే తీసుకోవాలి. ముందే తీసుకుంటే కడుపులో బరువుగా కూర్చుంటాయి.

పార్కుల గేట్ల దగ్గర స్టీలు క్యాన్లలో అమ్మే రాగి జావ మంచిదే, పలుచగా ఉండి, ఎప్పటికప్పుడు కాచిందైతే. డబ్బాల్లో వచ్చే తీపి రాగి మాల్ట్‌ కొనేముందు చక్కెర పాళ్లు చదవాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానేసినా రుచికి పులుపు ఉంటుంది. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడే మధుమేహులు కసరత్తుకు ముందు రక్తపరీక్ష చేసుకోవాలి. రీడింగు 90 లోపు ఉంటే 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం తీసుకున్నాకే మొదలుపెట్టాలి. అంబలి మోతాదును వైద్యుడితో మాట్లాడి ఖాయం చేసుకోవాలి.

చెమట ఆరాక గంటలోపు అసలైన తిండి తినాలి. పెరుగు కలిపిన చద్దన్నంతో గుప్పెడు వేయించిన పల్లీలో, రెండు ఉడికించిన గుడ్లో, పెసరట్టో ఉంటే అలసిన కండరాలకు కావలసిన మాంసకృత్తులు అందుతాయి.