ఈస్టర్ మంచు, స్కీ మైనం

మట్టల ఆదివారం మొదలుకొని ఈస్టర్ సోమవారం దాకా సాగే సెలవుల వారంలో నార్వేలోని ఎన్నో కుటుంబాలు పట్టణాలు విడిచి, బంధుమిత్రులతో కలిసి, మంచు ఇంకా కరగని కొండప్రాంతాల్లోని చెక్క ఇళ్లకు చేరుకుంటాయి. ‘హ్యుట్టె’ అని పిలిచే ఈ విడిది ఇళ్లు సుమారు 55 లక్షల జనాభా గల ఆ దేశంలో 4 లక్షలకు పైగా ఉన్నాయంటే, ఇది కొద్దిమంది ధనికులకే పరిమితమైన విలాసం కాదని అర్థమవుతుంది. నారింజపండ్లు, 1937లో ఫ్రెయా సంస్థ తెచ్చిన క్విక్ లున్ష్ చాక్లెట్, నేరపరిశోధక నవలలు ఆ వారానికి గుర్తులుగా పేరుపడ్డాయి. వీటిలో నవల అలవాటుకు మూలం 1923లో వెలువడిన ఒక ప్రకటన అంటారు. బెర్గెన్ రైలు దోపిడీ కథతో వచ్చిన నవల పేరును దినపత్రిక మొదటి పుటలో వార్తాశీర్షికలా అచ్చువేయగా, నిజంగానే రైలు దోపిడీకి గురైందని కొందరు నమ్మారట. ఇంత ప్రచారం దక్కకపోయినా, ఆ వారం స్వభావాన్ని వీటన్నిటికంటే బాగా తెలియజేసేది ఉదయాన్నే స్కీలకు మైనం పూసే పని.

సమతల మంచుపై నడకకు వాడే స్కీ, అంటే పాదానికి తగిలించుకునే సన్నని పొడవాటి పలక, మధ్యలో కొద్దిగా పైకి వంగి ఉంటుంది. బరువు రెండు పలకలపైనా పంచుకున్నప్పుడు ఆ మధ్యభాగం మంచును గట్టిగా తాకదు కనుక పలక జారుతుంది. బరువంతా ఒక్క కాలిపై మోపి నొక్కినప్పుడు మాత్రం అక్కడ పూసిన మైనంలోకి మంచు స్ఫటికాల మొనలు దిగి, వెనక్కి జారకుండా పట్టునిస్తాయి. చలి తీవ్రంగా ఉండి స్ఫటికాలు పదునుగా ఉంటే గట్టి మైనం, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరువైతే మెత్తనిది కావాలి. ఎంపిక తప్పి మైనం మరీ గట్టిదైతే పట్టు దొరకదు, మరీ మెత్తనిదైతే మంచు ముద్దలుగా అంటుకుని అడుగు కదలదు.

ఈస్టర్ తేదీ చాంద్రమానాన్ని అనుసరించి మార్చి 22, ఏప్రిల్ 25ల మధ్య మారుతుంది కాబట్టి, పోయిన ఏడు సరిపోయిన మైనం ఈ ఏడు సరిపోతుందన్న భరోసా లేదు. పైగా ఆ రోజుల్లో పగటి ఎండకు కరిగిన మంచు రాత్రి మళ్లీ గడ్డకట్టి గరుకు గుళికలుగా మారుతుంది. అప్పుడు గొట్టంలోంచి పిండి పూసే ‘క్లిస్టర్’ అనే జిగురు వాడక తప్పదు. పనసపాలలా చేతిని, చొక్కాను, తలుపు గొళ్లాన్ని వదలకుండా అంటే ఈ పదార్థాన్ని ఇష్టపడేవారు బహుశా ఎవరూ ఉండరు. ఏ మైనం పూయాలన్నదానిపై తాతకు, మేనమామకు, వచ్చిన మిత్రులకు మధ్య సాగే వాదం వినోదంగానే కనిపించినా, చేతితో మంచును పిసికి, నీడలోని చలిని ఎండలోని వేడిమితో పోల్చి చూడడం పిల్లలకు అబ్బేది అక్కడే.

ఈ పరిశీలనకు వినోదానికి మించిన ప్రయోజనం ఉంది. 1967 ఈస్టర్‌లో కొండల్లో 18 మంది మరణించిన దరిమిలా, రెడ్‌క్రాస్, 1868లో ఏర్పడిన నార్వే పర్యాటక సంఘం ప్రచారం చేస్తున్న పర్వత నియమాలకు ప్రాముఖ్యం పెరిగింది. వేళకు వెనుదిరగడం సిగ్గుపడవలసిన విషయం కాదన్నది వాటిలో అందరికీ తెలిసిన నియమం. మధ్యాహ్నానికి మంచు తీరు మారితే ఆగి, ఉదయం పూసిన మైనాన్ని గీకి, వేరొకటి పూసుకోవడానికి అలవాటుపడిన మనిషికి ఆ నియమం పాటించడం అంత కష్టమనిపించదు.

అడుగున చిన్న వెంట్రుకల పట్టీ అతికించిన, మైనం అక్కరలేని స్కీలు ఇటీవల బాగా వ్యాపించాయి. కొత్తగా నేర్చుకునేవారికి అవి గొప్ప సౌకర్యమే. అయితే మంచు ఎలా ఉందని అడగవలసిన అవసరమే లేకుండా బయలుదేరే వీలు కల్పించడం వాటి సుగుణమో లోపమో చెప్పడం అంత తేలిక కాదు.