విరిచి చూసే పనితనం

ఆర్మూరు పసుపు బేరంలో కొమ్ము విరిచి లోపలి రంగు చూడందే ధర పలకరు. కంప్యూటర్లు బాగుచేసేవాళ్లలో పనిమంతుడిదీ అదే తీరు.

లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 ఉన్న డిస్కు తగిలిస్తే విండోస్ చదవలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. సరేనన్నామా, లెక్కల ఫైళ్లు గోవిందా! పనిమంతుడు తొందరపడడు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, నల్లతెర మీద 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' అని, పక్కన 'హైఫన్ ఎఫ్' కొడతాడు. ఏ పార్టిషన్‌లో ఏ ఫైల్‌సిస్టమో వరుసగా తేలుతుంది. 'డీఎఫ్ హైఫన్ టీ' కూడా చెబుతుంది కానీ, మౌంట్ అయినవాటి సంగతే.

'ఎఫ్‌డిస్క్' చూపేది పార్టిషన్ పట్టికలో రాసి ఉన్నదే. పాత ఎంబీఆర్ పట్టికలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కూ ఎక్స్‌ఫ్యాట్‌కూ సంకేతం ఒక్కటే, 7. దాన్ని నమ్మి పని మొదలుపెట్టేవాడికి నేనైతే నా డిస్కు ఇవ్వను. 'బీఎల్‌కేఐడీ' అయితే ఫైల్‌సిస్టమ్ లోపలి గుర్తునే చదువుతుంది. ఈఎక్స్‌టీ వంశానికి ఆ గుర్తు పార్టిషన్ మొదటినుంచి 1080 బైట్ల తర్వాత ఉంటుంది.

పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోయినా పనిమంతుడు ముందు చూసేది ఫైల్‌సిస్టమ్ ఏదన్నదే. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు.