గుట్ట మీద సముద్రం

సముద్రపు ఒడ్డున ఉన్న మద్రాసును వదిలి తెలుగు సినిమా హైదరాబాద్ రాళ్లగుట్టల మీదికి కాపురం మార్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైనప్పుడు చుట్టూ బండలూ తుప్పలే. ఇప్పుడు ఆ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ల హాళ్లలో, హోటళ్లలో చేపల తొట్లు మామూలే. వాటిలో ఎక్కువ మంచినీటివి. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్‌ఫిష్ కనబడిందంటే మాత్రం అది ఉప్పునీటి తొట్టె. ఇక్కణ్నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం కాబట్టి, అందులోని ప్రతి చుక్కా ఎవరో కూర్చుని కలిపిందే అయి ఉంటుంది.

సినిమాకీ చేపల తొట్టెకీ పాత చుట్టరికమే. 1898లో ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ మునిగిన ఓడ దగ్గర డైవర్లను చూపించడానికి కెమెరాకూ సెట్టుకూ నడుమ చేపల తొట్టె పెట్టి తీశాడు. షాట్ ఓకే అయితే ఆ తొట్టె పని అయిపోయినట్టే. ఇంట్లో పెట్టుకునే సముద్రానికి ప్యాకప్ ఉండదు. డబ్బు పోసి ఒక్క రాత్రిలో లేపడానికీ కుదరదు. ఇందులో మనం పెంచేది ముందు నీటిని, ఆ తర్వాతే చేపను. కొత్తవాళ్లు ఈ వరస తిరగేస్తారు, అందుకే మొదటి నెలలోనే చేపలు పోతాయి.

నీళ్లు కలపడం

ఈ విద్య మొదలైందే సముద్రపు నీళ్లు చేతికందని చోట. లండన్‌కి పీపాల్లో నీళ్లు మోయించుకోలేక, ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో లవణాలు తూచి కలిపి కృత్రిమ సముద్రజలం తయారు చేశాడు. నేటి ఉప్పు ప్యాకెట్లకు మూలం అదే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే 200 లీటర్ల తొట్టెకు ఏడు కిలోల పైచిలుకు ఉప్పు కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో కరిగిన లవణాల్లో సోడియం, క్లోరైడ్ వాటా దాదాపు 85 శాతమే. మిగతా భాగంలోని మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం లేకపోతే అది సముద్రం కాదు, ఉప్పు నీళ్లు.

ఉప్పు కన్నా నీళ్లతోనే ఇక్కడ అసలు చిక్కు. కుళాయిలో వచ్చే మంజీరా, కృష్ణా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లు కుళాయిల మీద తెల్లటి సున్నపు చారలు కట్టేంత గట్టివి. వేసవిలో బోరు ఎండి ట్యాంకర్ వచ్చిందంటే, ఆ నీళ్లు ఎక్కడివో డ్రైవర్‌కే తెలియాలి. కాబట్టి ఆర్వో నీళ్లే దిక్కు. అయితే వంటింటి ఆర్వో మెషిన్‌ని ఓసారి విప్పి చూడాలి. చాలావాటిలో రుచి కోసం పచ్చి నీళ్లను కొంత తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. కొన్నిట్లో ఆరోగ్యం పేరిట రాగి కలుపుతారు. మనకు మంచిదని చెప్పే ఆ రాగి రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. రెండూ లేని మెషిన్ పెట్టుకుని, చివర ఒక డీఐ రెసిన్ ఫిల్టర్ తగిలించి, టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీళ్లు పట్టుకోవాలి.

ఉప్పును విడిగా డ్రమ్ములో, పంపు తిరుగుతుండగా కలిపి ఒక రోజు వదిలేయాలి. తర్వాత ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు పలక మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి కన్ను పెడితే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత 35 దగ్గర నిలవాలి. చేప కన్నా ముందు కొనాల్సిన వస్తువు ఇదే.

రాయి, ఎదురుచూపు

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన తొట్ల గురించి రాస్తూ, పగడపు దిబ్బ నుంచి తెచ్చిన రాళ్లూ వాటి మీది ప్రాణులే నీటిని శుభ్రం చేస్తాయని చూపించాడు. ఇవాళ్టి పద్ధతికి అదే వెన్నెముక. రాతి రంధ్రాల్లో కాపురముండే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపను చంపుతాయి. మూడోది పేరుకుపోకుండా నీళ్లు మారుస్తుంటే చాలు.

పెరట్లో ఇన్ని బండలుండగా రాయి కొనడమెందుకు అనిపించవచ్చు. హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గట్టి సరుకు. అందులో బ్యాక్టీరియా దూరి బతికేంత రంధ్రాలుండవు. దిబ్బ నుంచి తెచ్చిన రాయి మన దేశంలో కొనకూడదు. గట్టి పగడాలనూ సముద్రపు గుర్రాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎవరైనా చాటుగా అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయాలి. మనిషి చేసిన రంధ్రాల రాళ్లు దొరుకుతాయి. వాటిని పేర్చి, సీసాలో అమ్మే బ్యాక్టీరియా పోసి, చిటికెడు అమోనియా ఇచ్చి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. నడుమ రాళ్లకు గోధుమరంగు జిగురు పడుతుంది, కంగారు వద్దు. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే మొదటి చేప.

మే నెల పరీక్ష

తొట్టె నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గరుండాలి. మే నెలలో బయట 40 దాటుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఇంటి కూలరు సూత్రమే పనిచేసి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. పొడిగాలి ఉన్నంతకాలం అది అక్కరకొస్తుంది. జూన్‌లో వాన పట్టి గాలిలో తేమ పెరగ్గానే చేతులెత్తేస్తుంది. అప్పుడు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనక తప్పదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. కాబట్టి తగ్గిన మేరకు రోజూ పోయాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్లు. ఈదురుగాలులకు కరెంటు పోతే ముందు చేపలకు ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి అందుబాటులో ఉండాలి.

చేపల్లో క్లౌన్‌ఫిష్ జంటతో మొదలుపెట్టడం మేలు. ఇవన్నీ మగవిగానే ఎదుగుతాయి, జంటలో పెత్తనం చేసే పెద్దది ఆడచేపగా మారుతుంది. విశాఖపట్నంలోనూ కేంద్రమున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు వీటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించారు. అలా పుట్టిన పిల్లలు తొట్టె మేతకు అలవాటుపడి ఉంటాయి, సముద్రానికీ నష్టం లేదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో సయనైడ్ చల్లి మత్తెక్కించి పట్టిన చేపలు కూడా బజారుకొస్తాయి. చూపులకు బాగానే ఉండి కొన్నాళ్లకే పోతాయి. ఏ చేపనైనా నాలుగు వారాలు విడి తొట్టెలో ఉంచాకే కలపాలి.

ఇంత శ్రమకు ఫలితమేమిటంటే, సముద్రం ఎంత సన్నటి లెక్కల మీద బతుకుతోందో చేత్తో తెలుసుకోవడం. 1998, 2010, 2016లలో నీరు వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబడిపోయాయని చదివినప్పుడు చాలామందికి అదొక వార్త. రెండు డిగ్రీల కోసం మే నెలంతా థర్మామీటరు చూసుకున్నవాడికి దాని బరువు తెలుసు. చిల్లరూ, ఆర్వో, రోజూ పది నిమిషాల ఓపికా సమకూరవంటే మంచినీటి తొట్టెలో గప్పీలు పెంచుకోండి. అవీ అందమైనవే, మే నెలను తట్టుకుంటాయి కూడా.